గాటు చిన్నదే, గాయం లోపలుంది

డాక్టర్ రూపాబాయి ఫర్దూన్‌జీ స్మృతికి అంకితమైన ఉపన్యాస పాఠం, కమ్మర్‌పల్లి

నిజాం కాలపు హైదరాబాద్‌లో క్లోరోఫాం మీద పెద్ద వాదు నడిచింది. మత్తులో ఉన్న మనిషి ప్రాణం పోతే ముందు ఆగేది గుండెనా, ఊపిరా? రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ ఊపిరేనన్నాడు. సంగతి తేల్చడానికి ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ డబ్బిచ్చాడు. 1888లో ఒక కమిషన్, 1889లో మరొకటి కూర్చున్నాయి. రెండోదానికి లాన్సెట్ పత్రిక తరఫున లండన్ నుంచి లాడర్ బ్రంటన్ దిగాడు. లారీ దగ్గర చదువుకున్న అమ్మాయిల్లో రూపాబాయి ఫర్దూన్‌జీ ఒకరు. 1889లో హైదరాబాద్ మెడికల్ స్కూల్ నుంచి పట్టా పుచ్చుకుని, రోగికి మత్తివ్వడాన్నే వృత్తిగా పెట్టుకున్నారు. ప్రపంచంలోనే ఆ పని చేపట్టిన తొలి మహిళగా ఇవాళ ఆమెను చెప్పుకుంటారు. చాలా ఏళ్లు పనిచేశాక కూడా, 1909లో, ఆ విద్యకు పనికొచ్చే శాస్త్రాలు చదవడానికి ఎడిన్‌బరో దాకా వెళ్లారు.

ఆమెను తలచుకుంటూ గర్భసంచి ఆపరేషన్ గురించి మాట్లాడటానికి కారణం ఉంది. ఉత్తర తెలంగాణలోని కమ్మర్‌పల్లి, ఆర్మూరు, మెట్‌పల్లి చుట్టుపక్కల పల్లెల్లో ఆపరేషన్‌కు ఒప్పుకున్న ఆడమనిషి మనసులో మొదట మెదిలేది కత్తి భయం కన్నా మత్తు భయం. “మత్తులకెల్లి లేస్తనా సారూ?” అని అడుగుతుంది. “ఏం గాదమ్మా” అని జవాబు వస్తుంది. ఆ మాటలో దయ ఉంది. కానీ ఆమెకు తెలియాల్సింది అంతకంటే చాలా ఎక్కువ: ఎందుకు తీస్తున్నారు, ఏమేం తీస్తున్నారు, ముందు ఏం చేసుకోవాలి, ఇంటికొచ్చాక ఆరు వారాలు ఎలా గడపాలి. ఇవన్నీ చెప్పడం వైద్యంలో భాగమే. కుట్టు వేయడం ఎంత అవసరమో ఇదీ అంతే అవసరం.

లెక్కలు చూస్తే ఈ మాట ఇక్కడే ఎందుకు ఎత్తాలో తెలుస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 3.3 మందికి గర్భసంచి తీసేశారు. తెలంగాణలో అది 8.2, ఆంధ్రప్రదేశ్‌లో 8.7. అంతకు ముందు, 2015-16 సర్వేలో, దేశం మొత్తం మీద ఈ ఆపరేషన్ జరిగిన నడిమి వయసు 34 ఏళ్లు. మూడింట రెండు వంతుల ఆపరేషన్లు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే జరిగాయి. ముప్పై నాలుగేళ్లంటే పెద్ద పిల్ల ఇంకా బడికి పోతున్న వయసు.

ఈ సంగతిని ముందుగానే గట్టిగా పట్టుకున్నవాళ్లలో తెలుగు డాక్టర్లున్నారు. హైదరాబాద్‌లోని లైఫ్ హెచ్‌ఆర్‌జీ సంస్థ తరఫున డాక్టర్ ఎస్.వి. కామేశ్వరి, డాక్టర్ వింజమూరి ప్రకాశ్ అప్పటి మెదక్ జిల్లా మునిపల్లి మండలంలో ఊరూరా తిరిగి, అవసరం లేకుండానే జరిగిపోయిన ఆపరేషన్ల గురించి 2009లో రాశారు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీలో ఈ ఆపరేషన్లు పెరిగిపోవడంతో, తర్వాత ప్రభుత్వం ఆ పథకం కింద వీటిని సర్కారు దవాఖానాలకే పరిమితం చేసింది. బీహార్, ఛత్తీస్‌గఢ్, రాజస్థాన్‌ల ఉదంతాల మీద వేసిన వ్యాజ్యంలో 2023 ఏప్రిల్ 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. అనవసరపు ఆపరేషన్లను ఆపడానికి కేంద్రం తెచ్చిన మార్గదర్శకాలను మూడు నెలల్లో అమలు చేయాలని రాష్ట్రాలను ఆదేశించింది. నలభై ఏళ్లలోపు ఆడమనిషికి గర్భసంచి తీయాలంటే ఇద్దరు డాక్టర్లు అవసరమని ధ్రువీకరించాలన్నది ఆ ఏర్పాట్లలో ఒకటి. ఈ ఒక్క వాక్యం ప్రతి ఆశా కార్యకర్తకూ నోటికి రావాలి.

అందుకే రోగికి చెప్పే చదువు ఆపరేషన్ తేదీతో మొదలైతే ఆలస్యమైనట్టే. అది ‘ఎందుకు’ అన్న ప్రశ్నతో మొదలవ్వాలి. గర్భసంచిలో పెద్ద గడ్డలు, మందులకు లొంగని రక్తస్రావం, సంచి కిందికి జారడం, క్యాన్సర్ లేదా దాని ముందు దశ: వీటికి ఆపరేషన్ మంచి వైద్యమే, ఎన్నో ప్రాణాలను కాపాడిన వైద్యం. “తెల్లబట్ట అయితుంది, పుండు ఉంది, ఇట్లనే ఉంచితే క్యాన్సర్ అయితది” అన్న బెదిరింపు మాత్రం కారణం కాదు. తెల్లబట్టకు చాలాసార్లు మందులు సరిపోతాయి. అనుమానముంటే ముఖద్వారం పరీక్ష ఉంది, లోపలి పొర ముక్క తీసి చూసే పరీక్ష ఉంది. ఎక్కువ రక్తం పోతుంటే ట్రానెక్సామిక్ యాసిడ్ మాత్రలున్నాయి, హార్మోన్ లూప్ ఉంది. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ తయారుచేసిన ఆర్మెలాక్సిఫెన్ ఉంది. సర్కారు ‘ఛాయ’ పేరుతో గర్భనిరోధకంగా పంచే ఈ మాత్రను అధిక రక్తస్రావానికి కూడా డాక్టర్లు రాస్తారు. తెలంగాణలో 2023 మార్చి 8న మొదలైన ‘ఆరోగ్య మహిళ’ కింద మంగళవారాలు ఆడవాళ్లకే ప్రత్యేకంగా పరీక్షలు పెట్టారు. అక్కడి నుంచి మొదలుపెట్టినా రెండో అభిప్రాయానికి దారి దొరుకుతుంది.

సంతకం సంగతి ఇంకా ముఖ్యం. ఢిల్లీలో 1995లో సమీరా కోహ్లీ అనే నలభై నాలుగేళ్ల మహిళ రక్తస్రావం సమస్యతో డాక్టరు దగ్గరికి వెళ్లారు. లోపల ఏముందో దూర్బీన్‌తో (లాపరోస్కోప్‌తో) చూడటానికి సంతకం పెట్టారు. ఆమె మత్తులో ఉండగానే బయట కూర్చున్న తల్లిని అడిగి గర్భసంచి, అండాశయాలు తీసేశారు. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2008 జనవరి 16న కోర్టు స్పష్టంగా చెప్పింది: ప్రాణాపాయం లేనప్పుడు, మెలకువ వచ్చాక అడిగే వీలున్నప్పుడు, రోగి బదులు తల్లి ఒప్పుకుంటే చెల్లదు. పరీక్షకు ఇచ్చిన అనుమతి ఆపరేషన్‌కు వర్తించదు. ఈ ప్రాంతంలో భర్త దుబాయిలోనో మస్కట్‌లోనో ఉంటాడు. కాగితం మీద మరిది సంతకమో మామ వేలిముద్రో పడుతుంది. మేజరైన ఆడమనిషి శరీరానికి ఆమె ఒప్పుకోలే చట్టం. ఆసుపత్రి భర్త సంతకం కూడా అడగొచ్చు, కానీ అది ఆమె ఒప్పుకోలుకు బదులు కాదు.

ఆ కాగితం మీద ‘అండాశయాలు’ అన్న మాట ఉందా లేదా అని చూడాలి. గర్భసంచి తీస్తే నెలసరి ఆగుతుంది. అండాశయాలు కూడా తీస్తే ఆ రోజు నుంచే ఒంట్లో హార్మోన్ పడిపోతుంది. ఒంట్లో మంటలు, ఎముకల బలహీనత, గుండె జబ్బు ముప్పు తొందరగా వస్తాయి. జబ్బు లేని అండాశయాలను చిన్న వయసులో తీయకూడదు. వాటిని ఉంచినా, గర్భసంచి తీసినవాళ్లకు ముట్లుడిగే దశ కొన్నేళ్లు ముందే వచ్చే అవకాశముంది. “సంచి ఒక్కటేనా, అండాలు కూడానా?” అని ఆమె అడగగలిగితే సగం చదువు పూర్తయినట్టే.

ఇక ఆపరేషన్ తీరు. దూర్బీన్ అంటే మన ఆడవాళ్లకు పిల్లల ఆపరేషన్ గుర్తొస్తుంది. గర్భసంచిని ఆ పద్ధతిలో తీయడాన్ని మొదట చేసినవాడు హ్యారీ రైక్, 1988 జనవరిలో, అమెరికాలోని పెన్సిల్వేనియాలో. పొట్ట మీద మూడు నాలుగు రంధ్రాలు పెడతారు. ఒక్కొక్కటి అర సెంటీమీటరు నుంచి సెంటీమీటరుకు కొంచెం పైన. కార్బన్ డయాక్సైడ్ గాలి నింపి పొట్టను పైకి లేపుతారు, కెమెరా పెడతారు, బల్లను తల వైపు కిందికి వంచుతారు. అందుకే దీనికి నడుముకు సూది కాకుండా పూర్తి మత్తు ఇవ్వడమే మామూలు. గర్భసంచిని రక్తనాళాల నుంచి, పక్క కట్ల నుంచి విడదీసి యోని మార్గంలోంచి బయటికి తీస్తారు. ఆ తర్వాత యోని పైకొసను లోపలే కుట్టేస్తారు.

ఆ లోపలి కుట్టే ఈ ఉపన్యాసానికి మూలం. పొట్ట కోసి చేసినా రంధ్రాలతో చేసినా లోపల తెగినవి అవే కట్లు, అవే రక్తనాళాలు, మూసిన కొస అదే. పైన ఒకరికి జానెడు కోత ఉంటుంది, ఇంకొకరికి నాలుగు చుక్కలుంటాయి. “కోత లేదు, కుట్లు లేవు” అని బోర్డుల మీద రాసే మాట చర్మం వరకే నిజం. జానెడు కోత ఉన్నామెను అత్త మంచం దిగనివ్వదు. నాలుగు చుక్కలున్నామెను నాలుగో రోజే బిందె పట్టుకురమ్మంటుంది. నొప్పి తక్కువుంది కాబట్టి ఆమె కూడా లేస్తుంది. అరుదుగానే అయినా, ఆ లోపలి కుట్టు విడిపోవడం దూర్బీన్ పద్ధతిలో, పొట్ట మీద రంధ్రాలు లేకుండా పూర్తిగా యోని మార్గంలోంచే చేసే ఆపరేషన్ కంటే ఎక్కువ. కొక్రేన్ సమీక్ష 2015లో 47 అధ్యయనాలను, 5,102 మంది ఆడవాళ్లను కలిపి చూసింది. పొట్ట కోసిన ఆపరేషన్‌తో పోలిస్తే దూర్బీన్‌తో చేసినవాళ్లు దాదాపు రెండు వారాల ముందే మామూలు పనుల్లో పడ్డారు. మూత్రాశయానికో మూత్రనాళానికో దెబ్బ తగలడం మాత్రం దూర్బీన్‌లో ఎక్కువ. వీలున్నచోట యోని మార్గమే మేలని కూడా ఆ సమీక్ష చెప్పింది. ఈ మూడు సంగతులూ రోగికి చెప్పదగ్గవే. డాక్టరు తనకు వచ్చిన పద్ధతిని మాత్రమే చెప్పి ఊరుకోవడం న్యాయం కాదు.

ముందు తయారీ నెల రోజుల పని. తెలంగాణలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో నూటికి 57.6 మందికి రక్తహీనత ఉందని 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. నెలనెలా రక్తం పోయి పోయి ఆపరేషన్‌కు వచ్చేవాళ్లలో అది ఇంకా లోతుగా ఉంటుంది. ముందు రోజు రెండు సీసాల రక్తం ఎక్కించి బల్ల మీదికి పంపడం కంటే, నాలుగు వారాల ముందు నుంచి ఇనుము మాత్రలు, అవసరమైతే ఇనుము సూదులు ఇవ్వడం ఎంతో మేలు. మాత్ర వేసుకుని వెంటనే చాయ తాగితే ఇనుము ఒంటికి సరిగా పట్టదు. ఈ చిన్న ముక్క చెప్పేవాళ్లుండరు. తంబాకు, గుట్కా అలవాటుంటే నాలుగు వారాల ముందే మానాలి. షుగర్ అదుపులోకి రావాలి. కొన్ని రకాల షుగర్ మాత్రలను మూడు నాలుగు రోజుల ముందే ఆపాలి. కాబట్టి వేసుకునే ప్రతి మాత్ర అట్టనూ సంచిలో వేసుకుని మత్తు డాక్టరు ముందు పెట్టాలి. కమ్మర్‌పల్లి పసుపు పండే ఊరు కనుక ఇంకో మాట: కూరలో పసుపుతో ఏ ఇబ్బందీ లేదు. గోలీల రూపంలో అమ్మే పసుపు సారం రక్తం గడ్డకట్టడాన్ని తగ్గించవచ్చు. ఆ గోలీల సంగతి కూడా డాక్టరుకు చెప్పాలి.

ఉపవాసం విషయంలో మన దగ్గర అలవాటుగా హింస నడుస్తోంది. పొద్దున పది గంటల ఆపరేషన్‌కు ముందు రోజు సాయంత్రం నుంచే గుక్కెడు నీళ్లు ముట్టనివ్వరు. ఆరు గంటల ముందు దాకా తేలికపాటి తిండి, రెండు గంటల ముందు దాకా మంచినీళ్లు తాగొచ్చని మత్తు వైద్య సంఘాల నియమాలు చెబుతున్నాయి. ఎవరికి ఎంత అన్నది ఆ మత్తు డాక్టరే తేల్చాలి. డెన్మార్క్ సర్జన్ హెన్రిక్ కేలెట్ 1990ల్లో మొదలుపెట్టిన త్వరిత కోలుకునే పద్ధతికి ఇదొక పునాది: రోగిని ఎండబెట్టకూడదు, పేగులు కడగకూడదు, తొందరగా తిననివ్వాలి, తొందరగా నడిపించాలి, అన్నీ ముందే చెప్పాలి.

ముందే చెప్పడం అంటే ఎంత చిన్న విషయం దాకా వెళ్లాలో పుస్తెలతాడు చూపిస్తుంది. కరెంటుతో రక్తనాళాలను మాడ్చే పరికరం వాడతారు కాబట్టి ఒంటి మీద లోహం ఉండకూడదు. పుస్తెలు, మెట్టెలు, ముక్కుపుడక తీయాలి. ఆ మాటను ఆపరేషన్ గది గుమ్మం దగ్గర, స్ట్రెచర్ మీద పడుకోబెట్టాక నర్సు చెబితే ఆమె గుండె జారుతుంది, ఏడుస్తుంది, రక్తపోటు పెరుగుతుంది. అదే మాట వారం ముందు చెబితే అత్తమ్మ పసుపు కొమ్ము కట్టిన దారం తెచ్చి మెడలో వేస్తుంది. పుస్తెలు భద్రంగా ఇంట్లో ఉంటాయి. ఖర్చు రూపాయి లేదు.

ఆపరేషన్ అయిన సాయంత్రం ఆమెను భయపెట్టేది పొట్ట నొప్పి కన్నా భుజం నొప్పి. లోపల మిగిలిన గాలి ఊపిరితిత్తుల కింది పొరను రాచుకుంటే ఆ నొప్పి భుజంలో తెలుస్తుంది. రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది, నడిస్తే ఇంకా త్వరగా పోతుంది. ఈ సంగతి తెలియనామె గుండెపోటు అనుకుంటుంది. తెలిసినామె పక్క మంచం ఆమెకు కూడా చెబుతుంది. మూత్రపు గొట్టం మామూలుగా మర్నాటికల్లా తీసేస్తారు. ఇంటికి పోయే దారిలో గతుకులుంటాయి. ఆటోలో కూర్చున్నప్పుడు పొట్ట మీద మెత్త అదుముకుని కూర్చోవాలి. దగ్గు వచ్చినప్పుడూ అంతే.

ఇంటి దగ్గర ఆమెకు ఎదురయ్యే పెద్ద అడ్డంకి పత్యం. పప్పు తింటే చీము పడుతుందంటారు, నీళ్లు తాగితే కుట్లు పచ్చిగా ఉంటాయంటారు. చివరికి ఎండు రొట్టె, కారం పొడి మిగులుతాయి. దాంతో మలబద్ధకం వస్తుంది, ముక్కితే లోపలి కుట్టు మీద బరువు పడుతుంది. పప్పు, గుడ్డు, పెరుగు, ఆకుకూర, పండు, దండిగా నీళ్లు కావాలి. పచ్చి పసుపు నూరి రంధ్రాల మీద పెట్టడం ఇక్కడ ప్రేమతో చేసే పని. అది ఆపించాలి. పసుపు మంచిదా చెడ్డదా అన్న వాదు అక్కర్లేదు. నూరిన రోటి మట్టి, చేతి మురికి గాయంలోకి పోకూడదన్నదే సంగతి.

కమ్మర్‌పల్లి ఆడమనిషికి ‘విశ్రాంతి’ అంటే ఆమె పని తెలిసినవాళ్లు చెప్పాలి. లండన్‌లో రోగులకిచ్చే కరపత్రం కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం గురించి చెబుతుంది. ఇక్కడామె నేల మీద బాసింపట్టు వేసి, ఒళ్లో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి, తంబాకు నింపి, దారం చుట్టి బీడీలు చేస్తుంది. కూలి వెయ్యి బీడీల లెక్కన. చాట అంచు సరిగ్గా బొడ్డు రంధ్రానికి తగులుతుంది. గంటల తరబడి కదలకుండా కూర్చుంటే పిక్కలో రక్తం గడ్డకట్టే ముప్పుంది. తంబాకు దుమ్ముకు దగ్గు వస్తుంది. కాబట్టి ‘బరువు ఎత్తొద్దు’ అని చెప్పి పంపితే, బీడీ బరువు కాదు కదా అని రెండో వారమే ఆమె చాట ముందు కూర్చుంటుంది. మళ్లీ మొదలుపెట్టేటప్పుడు గోడకానుకుని, చాటను స్టూలు మీద పెట్టుకుని, అరగంటకోసారి లేచి వాకిలి దాకా నడవాలని చెప్పాలి. బిందె సంగతీ అంతే. నిండు బిందె పది కిలోలు దాటుతుంది, ఆరు వారాలు ముట్టకూడదు. పసుపు పనైతే మరీను. సంక్రాంతి నుంచి మార్చి దాకా తవ్వకం, ఉడకబెట్టడం, ఆరబోయడం, గంపలు మోయడం. అత్యవసరం కాని ఆపరేషన్‌ను జనవరిలో పెట్టుకుంటే ఆమె కోలుకునే రోజులు చాలావరకు ఆ పనుల మీదే పడతాయి. తేదీ నిర్ణయించే ముందు డాక్టరు “పసుపు ఎంత వేసిన్రు?” అని ఒక్క ప్రశ్న అడిగితే చాలు.

కాపురం గురించి ఎవరూ మాట్లాడరు. గల్ఫ్ నుంచి భర్త రెండు నెలల సెలవు మీద వస్తాడు. భార్య చక్కగా నడుస్తోంది, పొట్ట మీద గాటు కనిపించదు. కనీసం ఆరు వారాలు, కొందరు డాక్టర్లు ఎనిమిదంటారు, దూరంగా ఉండాలని అతనికి ఎవరు చెప్పాలి? ఆమె నోరు తెరిచి చెప్పలేదు. వీడియో కాల్‌లోనైనా సరే, డాక్టరో నర్సో అతనికే సూటిగా చెప్పాలి. ఇది ఆమె ఆరోగ్యాన్ని కాపాడే మాట. సిగ్గుపడి దాటవేస్తే తెగేది ఆమె కుట్టే.

నెదర్లాండ్స్‌లో గర్భసంచి, అండాశయాల ఆపరేషన్లు జరిగిన 215 మందిని రెండు గుంపులు చేసి చూశారు. ఒక గుంపుకు ఎప్పుడు ఏ పని మొదలుపెట్టొచ్చో వారివారి పనులకు తగ్గట్టు ముందే ఆన్‌లైన్‌లో చెప్పారు. వాళ్లు నడిమి లెక్కన 39 రోజుల్లో పనిలోకి తిరిగొచ్చారు. రెండో గుంపుకు 48 రోజులు పట్టింది. 2014లో అచ్చయిన ఈ అధ్యయనం మనకు నేర్పేది ఒకటుంది: స్పష్టంగా చెబితే మనిషి అనవసర భయంతో మూలన కూర్చోదు, తొందరపడి దెబ్బా తినదు. ఇక్కడ దానికి వెబ్‌సైట్ అక్కర్లేదు. డిశ్చార్జి కాగితం ఇంగ్లిషులో చుట్టి ఇచ్చే బదులు, వాట్సాప్‌లో మన మాటల్లో ఐదు నిమిషాల రికార్డు పంపితే బీడీలు చేసే గుంపంతా వింటుంది. అన్నీ చెప్పాక నర్సు “ఇప్పుడు మీరు నాకు చెప్పుండ్రి అక్కా, ఇంటికి పోయినంక ఏం జేస్తరు?” అని తిరిగి చెప్పించుకోవాలి. తలూపడాన్ని అర్థమైనట్టు లెక్కపెట్టకూడదు.

ఆ తిరిగి చెప్పే మాటల్లో ప్రమాద గుర్తులు తప్పక ఉండాలి. 2022 ఆగస్టు 25న హైదరాబాద్ దగ్గరి ఇబ్రహీంపట్నంలో 34 మందికి దూర్బీన్‌తో పిల్లల ఆపరేషన్లు చేశారు. ఇంటికెళ్లాక వాంతులతో మొదలై, ఇన్ఫెక్షన్‌తో నలుగురు తల్లులు చనిపోయారు. తప్పు ఆపరేషన్ చేసిన చోట జరిగింది, ఆ నలుగురిదీ కాదు. అయినా ఇంటి దగ్గర ఏ గుర్తు చూసి పరుగెత్తాలో ప్రతి ఇంటికీ తెలియడం ప్రాణావసరం. జ్వరం 100.4 డిగ్రీలు దాటడం, పొట్ట ఉబ్బి వాంతులు ఆగకపోవడం, గంటకో ప్యాడ్ తడిసేంత రక్తం, ఒక పిక్క వాచి నొప్పెట్టడం, ఆయాసం, దుర్వాసనతో చీము. వారం పది రోజుల తర్వాత తెలియకుండానే నీళ్లలా కారుతుంటే అది మూత్రం కావచ్చు, మూత్రనాళానికి దెబ్బ తగిలిన గుర్తు కావచ్చు. ‘బలహీనత’ అని ఇంట్లో కూర్చోకూడదు. రెండు మూడు వారాల్లో లోపలి దారం కరిగేటప్పుడు కొద్దిగా మరకలు కనపడటం మాత్రం మామూలే.

ఇంకొకటి మిగిలింది, దాదాపు అందరూ వదిలేసేది. తీసిన గర్భసంచిని ల్యాబుకు పంపి పరీక్ష చేయిస్తారు. ఆ రిపోర్టు ఒకటి రెండు వారాల తర్వాత వస్తుంది, అప్పటికి ఆమె ఇంట్లో ఉంటుంది. దాని కోసం తిరిగి ఆర్మూరో నిజామాబాదో పోవాలంటే ఒక పూట కూలి, బస్సు కిరాయి. కానీ గడ్డ మామూలుదా కాదా, లోపలి పొరలో అనుమానించాల్సింది ఉందా అన్నది ఆ కాగితమే చెబుతుంది. ముఖద్వారం కూడా తీశారా, ఉంచారా అన్నదీ అందులో తెలుస్తుంది. ఉంచితే, ముఖద్వారపు క్యాన్సర్ పరీక్షలు ఆమెకు మునుపటిలాగే కొనసాగాలి. ఆరో వారం చూపించుకోవడానికి వెళ్లినప్పుడు ఆ రిపోర్టు నకలు అడిగి తెచ్చుకుని, ఆధార్ కార్డు పెట్టే ప్లాస్టిక్ కవర్లోనే పెట్టుకోవాలి. ఊళ్లో ఏఎన్‌ఎం తన రిజిస్టరులో ఆ రిపోర్టు తేదీకి ఒక గడి గీసుకుంటే, తెచ్చుకోనివాళ్లెవరో నెల తిరిగేలోపు తెలుస్తుంది.